తెల్లకణాలు ఎన్నున్నాయో రాస్తున్నారు, పనిచేస్తున్నాయో లేదో ఎవరు చూస్తున్నారు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, వైద్య విద్యా సంచాలకులకు, బోధనాసుపత్రుల సూపరింటెండెంట్లకు నమస్కారం.

బ్లాక్ ఫంగస్ మాట వస్తే మన శాఖల్లో మొదట చూసేది ఫంగస్‌ను చంపే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ నిల్వ. 2021 మే నెలలో ఆ ఇంజెక్షన్ కోసం రోగుల బంధువులు ఊళ్లు పట్టుకు తిరిగారు కాబట్టి ఆ జాగ్రత్త న్యాయమే. ఆ నెలలోనే తెలంగాణ ఈ జబ్బును ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన వాటిలో చేర్చింది, కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని ప్రధాన కేంద్రం చేసింది. ఆంధ్రప్రదేశ్ చికిత్సను ఆరోగ్యశ్రీ కిందకు తెచ్చింది. ఆ ఏడాది దేశం మొత్తంలో కేసులు 40 వేలు దాటాయి. మందు, మంచం, ఆపరేషన్ థియేటరు విషయంలో అప్పుడు చేసుకున్న ఏర్పాట్లు ఇప్పటికీ అక్కరకొస్తున్నాయి. ఒక్కటి మాత్రం అప్పుడూ జరగలేదు, ఇప్పుడూ జరగడం లేదు. రోగి ఒంట్లో ఫంగస్‌తో పోరాడాల్సిన కణాలు ఆ రోజు ఏ స్థితిలో ఉన్నాయన్నది కేస్ షీట్‌లో ఎక్కడా ఉండదు. ఉండేదల్లా కంప్లీట్ బ్లడ్ పిక్చర్‌లో ఒక అంకె. ఆ అంకె చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది. ఎందుకో, దానికి ఏం చేయవచ్చో మీ ముందు పెట్టడానికే ఈ లేఖ.

బ్లాక్ ఫంగస్ తెచ్చేది మ్యూకర్ జాతి బూజులు, అందుకే ఆ జబ్బును మ్యూకర్ అనీ అంటాం. వీటి బీజాలు లేని చోటు లేదు. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో, పెంటకుప్పల్లో, మెత్తబడిన పండ్ల మీద ఉంటాయి. రోజూ అందరం పీలుస్తూనే ఉంటాం. మన దేశంలో సైనస్‌లకు పట్టే వాటిలో ఎక్కువ భాగం రైజోపస్. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు జబ్బు రాకపోవడానికి ముక్కు పొరలతో పాటు రెండు రకాల కణాలు కారణం. మొదటివి మాక్రోఫేజులు. ఇవి బీజాన్ని మింగి, లోపలే ఇనుము అందకుండా చేసి, మొలకెత్తనివ్వకుండా పట్టి ఉంచుతాయి. చంపడం కంటే మొలవనివ్వకపోవడమే వీటి అసలు పని, ఎందుకంటే రైజోపస్ బీజం పైపొరలో ఉన్న మెలనిన్ మాక్రోఫేజు తన జీర్ణక్రియ పూర్తి చేయకుండా అడ్డుపడుతుంది. ఆ పట్టు సడలి బీజం మొలకెత్తి దారాలుగా సాగితే, ఆ దారాలు మింగడానికి వీల్లేనంత పెద్దవి. అప్పుడు రెండో రకం, న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు రావాలి. రక్తనాళం లోంచి బయటికొచ్చి, ఫంగస్ ఉన్న చోటికి దారి వెతుక్కుని, దారానికి అంటుకుని, ఘాటైన ఆక్సిజన్ రసాయనాలను దాని మీద వదలాలి. దీన్నే ఆక్సిడేటివ్ బర్స్ట్ అంటాం. నేచురల్ కిల్లర్ కణాలు, ప్లేట్‌లెట్లు కూడా దారాలను దెబ్బతీస్తాయని ల్యాబుల్లో చూశారు. కానీ ప్రధాన భారం మాక్రోఫేజుల మీద, న్యూట్రోఫిల్స్ మీదే.

షుగరు అదుపు తప్పిన మనిషిలో ఈ ప్రతి మెట్టూ బలహీనపడుతుంది. న్యూట్రోఫిల్ దారి వెతుక్కోవడం మందగిస్తుంది, అంటుకోవడం తగ్గుతుంది, ఆక్సిడేటివ్ బర్స్ట్ చల్లబడుతుంది. ఆ చివరిదానికి ఒక ముఖ్య కారణం ఇంధనం పక్కదారి పట్టడం. బర్స్ట్‌కు ఎన్‌ఏడీపీహెచ్ అనే పదార్థం కావాలి. కణంలో గ్లూకోజు పొంగిపొర్లినప్పుడు దాన్ని సార్బిటాల్‌గా మార్చే పనికి అదే ఎన్‌ఏడీపీహెచ్ ఖర్చయిపోతుంది. దీని మీద కీటోయాసిడోసిస్ (ఇన్సులిన్ చాలక రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకోవడం) కూడా తోడైతే పరిస్థితి పూర్తిగా తిరగబడుతుంది. మామూలుగా రక్తంలో ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆమ్లం పెరిగి పీహెచ్ 7.3 కిందికి జారితే ఆ పట్టు వదులవుతుంది, స్వేచ్ఛగా తిరిగే ఇనుము ఫంగస్‌కు ఆహారమవుతుంది. ఆరోగ్యవంతుల సీరంలో ఎదగని రైజోపస్, కీటోయాసిడోసిస్ రోగుల సీరంలో ఎదిగిందని 1980ల్లోనే చూపించారు. ఇంతటితో ఆగదు. గ్లూకోజు, ఇనుము, కీటోన్లు పెరిగినప్పుడు ముక్కు పొర కణాల మీదా రక్తనాళాల లోపలి కణాల మీదా జీఆర్‌పీ78 అనే ప్రొటీన్ ఎక్కువవుతుంది. ఫంగస్ పైన ఉండే కాట్‌హెచ్3 అనే ప్రొటీన్ దాన్నే పట్టుకుని లోపలికి చొరబడుతుంది. అంటే ఒకే జీవరసాయన స్థితి కాపలా కణాలను నీరసపరుస్తుంది, ఫంగస్‌కు తిండి పెడుతుంది, తలుపూ తెరుస్తుంది. దీన్ని సరిచేయడం ఇమ్యూన్ చికిత్సే. మన వార్డుల్లో దాన్ని 'షుగర్ కంట్రోల్' అని ఒక పక్కగా రాసి జనరల్ మెడిసిన్ ఒపీనియన్ కోసం మర్నాటి దాకా ఆపడం మాకు బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు ఆ అంకె సంగతి. షుగరు ఎక్కువున్న మ్యూకర్ రోగికి తెల్లకణాలు 14 వేలో 18 వేలో ఉండటం, అందులో న్యూట్రోఫిల్స్ 85 శాతం ఉండటం మామూలే. కౌంటు బాగుంది కాబట్టి ఇమ్యూనిటీకి లోటు లేదని పీజీ డాక్టర్లు రాసుకుంటారు. హాజరుపట్టీ నిండుగా ఉన్నంత మాత్రాన ఆఫీసులో పని జరుగుతున్నట్టు కాదు. స్టెరాయిడ్ తీసుకున్న మనిషిలో ఈ భ్రమ ఇంకా ఎక్కువ. రక్తనాళాల గోడలకు అంటుకుని ఉండే న్యూట్రోఫిల్స్‌ను స్టెరాయిడ్ ఊడదీసి రక్తప్రవాహంలోకి తోస్తుంది. కౌంటు పెరుగుతుంది. ఆ పెరిగినవి కణజాలంలోకి వెళ్లలేకపోయినవే. మరోవైపు మాక్రోఫేజులు బీజాన్ని మొలవకుండా పట్టి ఉంచే శక్తిని స్టెరాయిడ్ తగ్గిస్తుంది, షుగరునూ పెంచుతుంది. కోవిడ్‌లో డెక్సామెథసోన్ రోజుకు 6 మి.గ్రా., అదీ ఆక్సిజన్ అవసరమైన వాళ్లకు, గరిష్ఠంగా 10 రోజులు అన్నది రుజువైన మోతాదు. 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా దేశంలోని 16 కేంద్రాల రోగులను పరిశీలించిన అధ్యయనంలో, కోవిడ్ తర్వాత మ్యూకర్ వచ్చిన 187 మందిలో, ఆక్సిజన్ పడిపోవడంతో పాటు తగని రీతిలో స్టెరాయిడ్ వాడకం కూడా జబ్బుతో ముడిపడి కనిపించింది. వాళ్లలో మూడో వంతు మందికి కోవిడ్ తప్ప మరే జబ్బూ లేదు.

లుకేమియా రోగుల్లో కథ వేరు. అక్కడ అంకె నిజమే చెబుతుంది. న్యూట్రోఫిల్స్ మైక్రోలీటరుకు 500 కంటే తక్కువకు పడిపోయిన మనిషికి ముక్కులో చీము ఉండదు, ఎందుకంటే చీము అంటేనే న్యూట్రోఫిల్స్. ఎరుపు, వాపు కూడా పెద్దగా ఉండవు. ఎండోస్కోపీలో పాలిపోయిన, గుచ్చితే నొప్పి తెలియని, రక్తం రాని మిడిల్ టర్బినేట్ (ముక్కు లోపలి మధ్య మడత) ఒక్కటే కనిపించవచ్చు. 'ముక్కు శుభ్రంగా ఉంది' అని రాసి పంపిన రోగి 2 రోజుల్లో కంటి వాపుతో తిరిగొచ్చే ప్రమాదం ఇక్కడే. కౌంటు తక్కువున్న వాళ్లకు జ్వరంతో పాటు చెంప నొప్పి, తిమ్మిరి, కనురెప్ప వాలడం, అంగిలి మీద మచ్చ, పై పళ్లు వదులవడం వీటిలో ఏ ఒక్కటున్నా అదే రోజు ఎండోస్కోపీ, అనుమానం ఉన్న చోట బయాప్సీ జరగాలి.

ఇక మేం కోరుతున్న పనులు. మొదటిది, చవకైనది, అన్నిటికంటే ముఖ్యమైనది: మ్యూకర్ అనుమానంతో చేరిన ప్రతి రోగికి మొదటి గంటలోనే రక్తంలో గ్లూకోజు, రక్తంలో కీటోన్లు, రక్తపు పీహెచ్, బైకార్బొనేట్, పొటాషియం చూడాలి. కీటోన్లు రక్తంలోనే చూడాలని ఎందుకంటున్నామంటే, మూత్రపు స్ట్రిప్ పట్టేది అసిటోఅసిటేట్‌ను మాత్రమే. కీటోయాసిడోసిస్ ముదిరినప్పుడు ఎక్కువగా ఉండేది బీటా హైడ్రాక్సీబ్యూటిరేట్. దాన్ని ఆ స్ట్రిప్ చూడలేదు. చికిత్స పనిచేసి రోగి కోలుకుంటున్నప్పుడు ఆ బీటా హైడ్రాక్సీబ్యూటిరేటే అసిటోఅసిటేట్‌గా మారుతుంది కాబట్టి, మూత్రపు పరీక్ష అప్పుడు ఇంకా చెడ్డగా కనిపిస్తుంది. వేలి కొనలో చుక్క రక్తంతో చూసే కీటోన్ మీటరులో లీటరుకు 3 మిల్లీమోల్స్ గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే కీటోయాసిడోసిస్ కిందే లెక్క. ప్రతి ఈఎన్‌టీ వార్డుకూ, ఎమర్జెన్సీకీ ఒక మీటరు, సరిపడా స్ట్రిప్‌లు ఇవ్వండి. గ్లూకోజు 200 లోపే ఉన్నా ఈ పరీక్ష మానకూడదు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మాత్రలు 2020 తర్వాత చవకై ఊరూరా వాడకంలోకి వచ్చాయి. ఆ మాత్ర మీద ఉన్న మనిషి తిండి మానేసి జ్వరంతో పడుకుంటే గ్లూకోజు పెద్దగా పెరగకుండానే కీటోయాసిడోసిస్‌లోకి జారిపోగలడు. మ్యూకర్ రోగిలో ఆ మాత్ర వెంటనే ఆపాలి. ఇన్సులిన్ మీదకు మార్చాలి.

చికిత్సలో ఒక చిక్కు ఉంది, వార్డు నర్సుల దాకా అందరికీ అది తెలియాలి. ఇన్సులిన్ పొటాషియంను రక్తం లోంచి కణాల్లోకి నెడుతుంది. ఆంఫోటెరిసిన్ అదే పొటాషియంను, మెగ్నీషియంను మూత్రంలోకి పోగొడుతుంది. రెండూ ఒకే రోజు మొదలవుతాయి. పొటాషియం 3.5 కంటే తక్కువుంటే ముందు దాన్ని ఎక్కించి, ఆ తర్వాతే గంటకు కిలో బరువుకు 0.1 యూనిట్ చొప్పున ఇన్సులిన్ మొదలుపెట్టాలి. డ్రిప్ నడుస్తున్నంతసేపు 2 నుంచి 4 గంటలకోసారి పొటాషియం చూడాలి. మెగ్నీషియం తక్కువుంటే ఎంత పొటాషియం పోసినా నిలవదు. చేరిన రోజు పంపిన శాంపిల్ రిపోర్టు మూడో రోజు వచ్చే పద్ధతిలో ఈ చికిత్స నడవదు. గుండె లయ తప్పి పోయే మరణాల్లో కొన్ని ఫంగస్ ఖాతాలో పడకుండా ఉండాలంటే వార్డు పక్కనే బ్లడ్ గ్యాస్ యంత్రం ఉండాలి.

లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ విషయంలో ఇంకో చిన్న లెక్క. మోతాదు కిలోకు 5 మి.గ్రా., మెదడుకు పాకితే 10. 60 కిలోల మనిషికి 5 చొప్పున 300 మి.గ్రా., అంటే 50 మి.గ్రా. వయల్స్ ఆరు. ఒక్కో వయల్‌లో 12 మి.లీ. స్టెరైల్ వాటర్ పోసి బాగా కుదపాలి, ఫిల్టరు గుండా తీసి 5 శాతం డెక్స్‌ట్రోజులోనే కలపాలి. సెలైన్ తగిలితే మందు విరిగి అవక్షేపమవుతుంది. మూత్రపిండాల రక్షణ కోసం ముందు సెలైన్ ఎక్కిస్తాం కదా, అదే లైనులో మందు పెట్టేముందు డెక్స్‌ట్రోజుతో లైను కడగాలి. 300 మి.లీ. డెక్స్‌ట్రోజులో 15 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. దానికి తగ్గట్టు ఇన్సులిన్ సర్దకపోతే మందు ఎక్కినన్ని గంటలూ షుగరు పైకి పోతుంది, మేం కాపాడాలనుకుంటున్న న్యూట్రోఫిల్స్‌కే అది దెబ్బ. ఆ తర్వాతి రోజుల్లో షుగరు లక్ష్యం 140 నుంచి 180 మధ్య. ఇంకా కిందికి దించాలని పట్టుబట్టి రోగిని హైపోగ్లైసీమియాలో పడేయొద్దు.

సోడియం బైకార్బొనేట్ గురించి ఒక మాట. ఆమ్లాన్ని సరిచేస్తే ఫంగస్ చొరబాటు తగ్గుతుందని 2016లో ఎలుకల్లో చూపించారు. మనుషుల్లో రుజువు కాలేదు. పీహెచ్ 7.0 కిందికి పడిపోయిన వాళ్లకు ఇవ్వడం మామూలు కీటోయాసిడోసిస్ పద్ధతే. దాన్ని దాటి మ్యూకర్ అని ప్రతివాళ్లకూ బైకార్బ్ ఎక్కించడం పొటాషియంను మరింత దించుతుంది.

ఆపరేషన్ కూడా రక్షణ కణాల కోణం నుంచి చూస్తే కొత్తగా అర్థమవుతుంది. ఈ ఫంగస్ రక్తనాళాల్లోకి దూరి గడ్డకట్టిస్తుంది. రక్తం అందని చోటికి న్యూట్రోఫిల్ వెళ్లదు, ఆంఫోటెరిసిన్ వెళ్లదు, బర్స్ట్‌కు కావలసిన ఆక్సిజనూ వెళ్లదు. చచ్చిన కణజాలం ఎంత మిగిలితే ఫంగస్‌కు అంత సురక్షితమైన చోటు మిగిలినట్టే. అందుకే రక్తం చిమ్మే దాకా తీయడం. అందుకే 48 నుంచి 72 గంటల్లో మళ్లీ ఎండోస్కోపీ చేసి చూడటం. కీటోయాసిడోసిస్ పూర్తిగా తగ్గేదాకా ఆపరేషన్ రోజుల తరబడి ఆపడం సరికాదు. కొన్ని గంటలు ద్రవాలు, ఇన్సులిన్ ఇచ్చి నిలకడకు తెచ్చి తీసుకెళ్లడానికి మెడిసిన్, మత్తుమందు, ఈఎన్‌టీ విభాగాలు కూర్చుని ఒక రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. మందు మొదలుపెట్టడం కూడా బయాప్సీ రిపోర్టు కోసం ఆగకూడదు. రక్త కేన్సర్ రోగుల్లో 2008లో ప్రచురితమైన పరిశీలనలో, ఆంఫోటెరిసిన్ 6 రోజులు గానీ అంతకంటే గానీ ఆలస్యమైన వాళ్లలో 12 వారాల మరణాలు సుమారు 83 శాతం, ముందే మొదలైన వాళ్లలో సుమారు 49 శాతం.

పైసా అదనపు ఖర్చు లేకుండా రక్షణ కణాల గురించి తెలుసుకునే దారి ఒకటి ఇప్పటికే మన చేతిలో ఉంది. అది బయాప్సీ స్లైడు. ఇప్పుడు వచ్చే రిపోర్టుల్లో చాలావరకు 'వెడల్పైన, సెప్టాలు (అడ్డగోడలు) లేని ఫంగల్ దారాలు కనిపించాయి' అన్న చోట ఆగిపోతాయి. పాథాలజిస్టులు ఇంకో నాలుగు మాటలు రాస్తే చాలు: దారాల చుట్టూ న్యూట్రోఫిల్స్ చేరాయా లేదా, గ్రాన్యులోమాలు (రక్షణ కణాలు గట్టిగా కట్టిన ముద్దలు) ఉన్నాయా, రక్తనాళంలోకి దూరిందా, నరం వెంట పాకిందా. ఫంగస్ నిండుగా ఉండి చుట్టూ కణాలే లేకపోతే అది ఒక స్థితి. న్యూట్రోఫిల్స్ గుంపులుగా ఉండీ ఫంగస్ చెక్కుచెదరకపోతే అది వేరే స్థితి, పని లోపాన్ని అనుమానించాల్సింది అక్కడ. గ్రాన్యులోమాలు గట్టిగా కట్టి, నెలల తరబడి కన్ను మెల్లగా ముందుకు ఉబ్బుతున్న రోగి అయితే అది చాలావరకు ఆస్పర్‌జిలస్ ఫ్లేవస్ వల్ల వచ్చే గ్రాన్యులోమాటస్ రకం. ఇది ఇమ్యూనిటీ మామూలుగా ఉన్నట్టు కనిపించే వాళ్లలోనే వస్తుంది, మన దేశంలోనూ సూడాన్‌లోనూ ఎక్కువగా నమోదైంది. దానికి వాడే మందు వొరికొనజోల్ లాంటిది. మ్యూకర్ మీద వొరికొనజోల్ పనిచేయదు. మూడింటినీ ఒకే 'ఫంగల్ సైనసైటిస్' పేరుతో రాసేస్తే ఒకరి మందు ఇంకొకరికి వెళుతుంది.

శాంపిల్ పంపే తీరు సరిగ్గా లేకపోతే ఇదంతా వృథా. రెండు సీసాలు పంపాలి. హిస్టోపాథాలజీకి ఫార్మలిన్‌లో, మైక్రోబయాలజీకి ఫార్మలిన్ తగలకుండా కొద్దిపాటి స్టెరైల్ సెలైన్‌లో తడిపి. రెండోదాన్ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు. ల్యాబులో ముక్కను నూరొద్దు, సన్నగా తరగాలి. మ్యూకర్ దారాల్లో అడ్డగోడలు ఉండవు కాబట్టి నూరితే చితికిపోయి కల్చర్‌లో ఏమీ మొలవదు. ముక్కను రసాయనంలో కరిగించి ఫంగస్ కోసం నేరుగా చూసే కేఓహెచ్ స్లైడు ఫలితం అదే రోజు ఫోన్లో చెప్పాలి. గెలాక్టోమానన్, బీటా డీ గ్లూకాన్ రక్తపరీక్షలు మ్యూకర్‌ను పట్టవు. అవి నెగటివ్ వచ్చాయని మందు ఆపడం ప్రమాదం.

ఇప్పుడు అసలు కోరిక. రెండు రాష్ట్రాల్లో కనీసం ఒక్కో బోధనాసుపత్రిలో న్యూట్రోఫిల్ పని చూసే ల్యాబు ఏర్పాటు చేయండి. కొత్త భవనం అక్కర్లేదు. లుకేమియా ఇమ్యునోఫినోటైపింగ్ (కేన్సర్ కణం ఏ రకమో తేల్చడం) చేసే ఫ్లో సైటోమీటర్, అంటే కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతిలో చూసే యంత్రం, ఎక్కడ ఉందో అక్కడే ఈ పరీక్ష కూడా చేయవచ్చు. హెచ్ఐవీ రోగులకు సీడీ4 మాత్రమే లెక్కించే చిన్న యంత్రాలు దీనికి పనికిరావు, కొనుగోలు విభాగం ఈ తేడా గమనించాలి. పరీక్ష పేరు డీహెచ్‌ఆర్. న్యూట్రోఫిల్‌లోకి డైహైడ్రోరోడమిన్ అనే రంగు ఎక్కించి, కణాన్ని రెచ్చగొడితే, బర్స్ట్ జరిగిన మేరకు ఆ రంగు మెరుస్తుంది.

వివరాల్లో జాగ్రత్త లేకపోతే ఈ పరీక్ష తప్పుడు ధైర్యం ఇస్తుంది. అందుకే కొంచెం విడమరిచి రాస్తున్నాం. రక్తం 3 మి.లీ., ఆకుపచ్చ మూత ఉన్న హెపారిన్ ట్యూబులో తీయాలి. ఐస్ ప్యాక్ మీద పెట్టకూడదు, మామూలు గది వేడిలోనే రావాలి. ఎండాకాలంలో రామగుండం నుంచో రెంటచింతల నుంచో కారు డిక్కీలో వచ్చే ట్యూబు గది వేడిలో వచ్చినట్టు కాదు, ఐస్ లేని థర్మోకోల్ పెట్టె వాడాలి. ఎంత త్వరగా అయితే అంత మంచిది, 24 గంటలు దాటితే చేయకూడదు. రోగితో పాటే ఒక ఆరోగ్యవంతుడి రక్తం కూడా అదే సమయంలో తీసి, అదే పెట్టెలో పంపాలి. ప్రయాణం వల్ల కణాలు నీరసించాయా, జబ్బు వల్లా అన్నది ఆ రెండో ట్యూబు లేకపోతే తేలదు. ఫారం మీద రక్తం తీసిన గంట, అప్పటి గ్లూకోజు, చివరి స్టెరాయిడ్ ఎప్పుడు ఎంత ఇచ్చారు అన్నవి రాయాలి.

ల్యాబులో కణాలను విడదీసి, కడిగి, ఆర్‌పీఎంఐ ద్రావణంలో తేల్చి చూడటం చాలాచోట్ల అలవాటు. ఆ ద్రావణంలో డెసిలీటరుకు 200 మి.గ్రా. గ్లూకోజు ఉంటుంది. 450 షుగరు, ఆమ్లం, కీటోన్లు నిండిన రక్తంలో ఈదుతున్న కణాన్ని తీసి అందులో వేస్తే అది కొంత తేరుకుంటుంది, ఆరోగ్యవంతుడి కణానికి అదే ద్రావణం ఎక్కువ షుగరు. రెండు విధాలా తేడా మరుగున పడుతుంది. కాబట్టి కడగని రక్తంలోనే చేయాలి. రెచ్చగొట్టడానికి అందరూ వాడే పీఎంఏ అనే రసాయనం కణం గుర్తింపు వ్యవస్థను దాటేసి నేరుగా లోపలి మీట నొక్కుతుంది. దానికి కణం స్పందించిందంటే యంత్రాంగం ఉందని అర్థం, ఫంగస్‌ను గుర్తుపట్టగలదని కాదు. పీఎంఏతో పాటు ఆప్సొనైజ్ చేసిన జైమోసాన్ (సీరం ప్రొటీన్లు పూసిన ఈస్ట్ గోడ రేణువులు) ట్యూబు ఒకటి తప్పక ఉండాలి. ఫలితాన్ని 'ఇన్ని శాతం కణాలు పాజిటివ్' అని ఇస్తే షుగరు రోగులందరూ నార్మల్‌గానే వస్తారు. వాళ్లలో బర్స్ట్ పూర్తిగా పోదు, మందగిస్తుంది. మెరుపు సగటు తీవ్రత రెచ్చగొట్టక ముందు కంటే తర్వాత ఎన్ని రెట్లైంది, పక్కనున్న ఆరోగ్యవంతుడిలో ఎన్ని రెట్లు అన్నది రాయాలి. మయిలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము పుట్టుకతో తక్కువున్న వాళ్లలో డీహెచ్‌ఆర్ పడిపోయినట్టు కనిపిస్తుంది, కానీ బర్స్ట్ బాగానే ఉంటుంది. బర్స్ట్‌నే రంగు మార్పుతో చూసే పాత ఎన్‌బీటీ స్లైడు పరీక్ష వాళ్లలో మామూలుగా వస్తుంది కాబట్టి దాన్ని పారేయొద్దు. ఫ్లో సైటోమీటర్ లేని జిల్లా కేంద్రాల్లోనూ మైక్రోస్కోపు కింద 100 కణాలు లెక్కపెట్టి చేయగలిగేది అదే.

ఈ పరీక్ష ఫలితం చూసి ఈ రోజే మందు మార్చేయవచ్చని మేం చెప్పడం లేదు. అలాంటి కొలమానం ఇంకా లేదు. ఉపయోగం మూడు చోట్ల ఉంది. చేరినప్పుడు ఒకసారి, ఆమ్లం తగ్గి షుగరు అదుపులోకి వచ్చిన మూడో రోజు ఒకసారి, డిశ్చార్జికి ముందు ఒకసారి చేస్తే కణం తేరుకుంటున్నదీ లేనిదీ కనిపిస్తుంది. షుగరు దారికొచ్చినా పని తేరుకోని రోగిలో ఇంకేదో కారణం వెతకాలి. రెండోది, షుగరు లేదు, స్టెరాయిడ్ లేదు, కేన్సర్ లేదు, అయినా జబ్బు వచ్చింది అన్న రోగి, ముఖ్యంగా చిన్న వయసు వాళ్లు. వాళ్లకు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), హెచ్ఐవీ తప్పనిసరిగా చూశాక డీహెచ్‌ఆర్, లింఫోసైట్ రకాల లెక్క, అవసరమైతే కార్డ్9 వంటి జన్యువుల పరీక్ష చేయాలి. అపోఫిసోమైసిస్ అనే మట్టి బూజు మాత్రం గాయం ద్వారా పూర్తి ఆరోగ్యవంతులకూ పడుతుంది, కాబట్టి ఏ జాతి ఫంగస్ అన్నది తేల్చాకే ఇంత ఖర్చు పెట్టాలి. మూడోది, ఈ రెండు రాష్ట్రాల రోగుల మీద మన సొంత సమాచారం పోగవుతుంది. ప్రపంచంలో ఈ జబ్బు ఇంతమందికి వచ్చే ప్రాంతాలు కొన్నే. మన రోగుల కణాలు ఎలా ఉన్నాయో వేరే దేశపు ఎలుకల్ని చూసి ఊహించుకోవాల్సిన పరిస్థితిలో మనం ఉండకూడదు.

ఇమ్యూనిటీ పెంచే మందుల గురించి మిమ్మల్ని ఒత్తిడి చేసేవాళ్లు ఉంటారు. రక్షణ కణాలను ఉత్తేజపరిచే ఇంటర్‌ఫెరాన్ గామా, జీఎం-సీఎస్‌ఎఫ్ అనే ప్రొటీన్లు కలిపితే న్యూట్రోఫిల్స్ మ్యూకర్ దారాలను ఎక్కువగా దెబ్బతీస్తాయని ల్యాబులో తేలింది. 2017లో ఒక మొండి కేసులో నివోలుమాబ్ అనే కేన్సర్ ఇమ్యూన్ మందు, ఇంటర్‌ఫెరాన్ గామా కలిపి ఇచ్చి రోగిని కాపాడిన సంగతి ప్రచురితమైంది. ఇవి ఆశ కలిగించేవే, కానీ విడి కేసులు. న్యూట్రోఫిల్స్ తక్కువున్న వాళ్లకు, వాటి ఉత్పత్తిని పెంచే జీ-సీఎస్‌ఎఫ్ ఇవ్వడంలో అర్థముంది. 16 వేల కౌంటున్న షుగరు రోగికి అదే ఇచ్చి 40 వేలు చేయడంలో అర్థం లేదు. ఇక్కడ ఒక పాఠం అందరికీ గుర్తుండాలి. ఫంగస్‌కు ఇనుము అందకుండా చేస్తే మంచిదన్న సిద్ధాంతం చాలా బలమైనది, ఎలుకల్లో అద్భుతంగా పనిచేసింది. అదే నమ్మకంతో, ఇనుమును పట్టేసే డెఫెరాసిరాక్స్‌ను 20 మంది రోగుల మీద పరీక్షించి 2012లో ఫలితం ప్రకటించారు. 90 రోజులకు ఆ మందు పడిన వాళ్లలో 82 శాతం, పడని వాళ్లలో 22 శాతం మరణించారు. మందు పడిన గుంపులో కేన్సర్, న్యూట్రోఫిల్స్ లోటు ఉన్నవాళ్లు ఎక్కువున్న మాట నిజమే. అయినా ఆ ఫలితం చూశాక ఏ ఇమ్యూన్ మందునైనా సరైన ట్రయల్‌లోనే వాడాలి, ఎథిక్స్ కమిటీ అనుమతితో, కణాల పని ముందూ తర్వాతా కొలుస్తూ. ఆ కొలిచే ల్యాబు లేకుండా ట్రయల్ మాట ఎత్తడమే అనవసరం.

ఆసుపత్రి బయట మీరు చేయాల్సింది ఒకటుంది. మోకాళ్ల నొప్పులకు, ఆయాసానికి, వైరల్ జ్వరానికి గ్రామాల్లో ఇచ్చే పొట్లాల్లో డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ ఉంటున్నాయి. తీసుకునేవాళ్లకు అది స్టెరాయిడ్ అని తెలియదు, కాబట్టి మేం అడిగితే 'లేదండీ' అంటారు. చీటీ లేకుండా ఈ మాత్రలు అమ్మకుండా ఔషధ నియంత్రణ విభాగం చూడాలి. ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు షుగరు రోగుల ఇళ్లకు వెళ్లినప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల పొట్లాలు చూడాలి. ఎక్కువకాలంగా వాడుతున్నారని తేలితే ఒక్కసారిగా మాన్పించకూడదు. 3 వారాలు దాటి వాడిన వాళ్లలో అడ్రినల్ గ్రంథులు నిద్రపోయి ఉంటాయి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు దగ్గరికి పంపి మెల్లగా తగ్గించాలి. అలర్జీకి వాడే ముక్కు స్ప్రేలను చూసి మాత్రం భయపడనక్కర్లేదు, వాటిలోంచి రక్తంలోకి చేరేది చాలా తక్కువ.

చివరగా, మ్యూకర్ రోగి కేస్ షీట్‌కు జత చేయడానికి ఒక్క పేజీ ఫారం రెండు రాష్ట్రాలకూ ఒకేలా ఇవ్వండి. చేరిన గంటలో గ్లూకోజు, రక్తంలో కీటోన్, పీహెచ్, హెచ్‌బీఏ1సీ, న్యూట్రోఫిల్ లెక్క, లింఫోసైట్ లెక్క, ఫెరిటిన్, గత 30 రోజుల్లో స్టెరాయిడ్ పేరు, మోతాదు, రోజులు, షుగరు మాత్రల పేర్లు, ఆంఫోటెరిసిన్ మొదటి చుక్క పడిన సమయం, మొదటి ఆపరేషన్ సమయం, ఫంగస్ జాతి, స్లైడులో కణాల వివరం, చేసినచోట డీహెచ్‌ఆర్. ఇప్పటికే కేసులు తెలియజేస్తున్న పోర్టల్‌లోనే ఈ గడులు చేర్చవచ్చు. ఆరోగ్యశ్రీ (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ప్యాకేజీలో రక్త కీటోన్ స్ట్రిప్‌లు, బ్లడ్ గ్యాస్, డీహెచ్‌ఆర్ ఖర్చు కలపండి. లేకపోతే ఫారంలో ఆ గడులు ఖాళీగానే ఉంటాయి. ల్యాబుకు ఎంచుకునే ఆసుపత్రిలో ఇద్దరు టెక్నీషియన్లను డీహెచ్‌ఆర్ రోజూ చేస్తున్న కేంద్రానికి పంపి నేర్పించాలి. ఆ తర్వాత వాళ్లను బదిలీల నుంచి కనీసం 3 ఏళ్లు మినహాయించాలి.

ఫారం నమూనా, ట్యూబు పంపే సూచనల పత్రం, పాథాలజీ రిపోర్టు నమూనా తయారుచేసి ఇవ్వడానికి, టెక్నీషియన్లకు తెలుగులో నేర్పడానికి మేం సిద్ధంగా ఉన్నాం. మీ శాఖ ఎవరిని నియమిస్తే వారితో కూర్చుంటాం.

ఇట్లు,
ముక్కు, సైనస్ ఫంగస్ జబ్బులకు చికిత్స చేసే, ఆ శాంపిళ్లు పరీక్షించే ఈఎన్‌టీ, మైక్రోబయాలజీ, పాథాలజీ, ఎండోక్రైనాలజీ వైద్యులం